ఏడవకుండా వెళ్ళిన కాలు

గవర్నర్‌పేట, విజయవాడ
7 జూలై 2025

బావగారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. ఇక్కడ కుశలమే. అక్కడ లేదని నిన్న అక్క ఫోన్లో ఏడ్చింది కాబట్టి ఆ మాట సగమే రాసినట్టు లెక్కేసుకోండి.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకండి. మీకు ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టి, అరుగు మీద ఆనించి, సంతలో మాట్లాడినట్టు మాట్లాడతారు. పోయిన నెల నా మోకాళ్ళ నొప్పి సంగతి చెబితే మర్నాటికల్లా మీ వీధివాళ్ళు నాకు తైలాలు పంపారు. ఇంటి గుట్టు మైలవరం అంతా వినడం నాకిష్టం లేదు. పాలవ్యాను ఏసుపాదం రోజూ మా కొట్టు ముందు నుంచే వెళతాడు. ఇది అతని చేతికిస్తున్నాను, మీ జవాబూ అతనికే ఇవ్వండి. మీ తోడల్లుడికి కూడా చూపించను.

ఇక విషయానికొస్తాను. కుడికాలి వేళ్ళు నల్లబడ్డాయి, షుగరు వల్ల రక్తం ఆడటం లేదు, మోకాలి కింద నుంచి తీసేయకపోతే పైకి పాకుతుందని ఇక్కడి సర్జను మీకు విడమర్చి చెప్పాడట. మీరేమో అంతా విని, పంచె దులుపుకుని లేచి, ఆలోచించి చెబుతానన్నారట. అది గేదెను చూసి ధర నచ్చనివాడు చెప్పే మాట. నలభై ఏళ్ళు సంతల్లో పశువుల బేరాలు కుదిర్చి కుదిర్చి మీకు డాక్టరు కూడా బేరగాడిలాగే కనిపిస్తున్నాడు.

మిమ్మల్ని నేను నా పరికిణీల నాటి నుంచి చూస్తున్నాను. ఎద్దు కుమ్మినా బెదరని మనిషి మీరు. కాబట్టి కోతకు భయపడ్డారంటే నేను నమ్మను. అసలు ఏమిటో నాకు రాయండి. అక్కకు చెప్పలేనిది మరదలికి చెప్పొచ్చు, తప్పులేదు.

మీ మాణిక్యం


మైలవరం
11 జూలై 2025

మరదలు మాణిక్యానికి,

నీ ఉత్తరం అందింది. ఏసుపాదం దాన్ని పాలక్యాను మూత కింద పెట్టి తెచ్చాడు, అందుకని చదివేటప్పుడు కొంచెం జిడ్డు తగిలింది. ఇక్కడ వానలు సరిగా లేవు. మామిడి తోటవాళ్ళు ఈ ఏడాది ధర లేక కాయ చెట్టునే వదిలేశారు. మీ అక్క నామీద అలిగి మూడుపూటలా పొట్లకాయే వండుతోంది. ఇవీ ఇక్కడి విశేషాలు.

కాలు సంగతి అడిగావు కనుక చెబుతాను. కాలు పోతుందని నాకు బెంగ లేదు. అరవై నాలుగేళ్ళు తిరిగింది, చాలు. నా భయమల్లా పోయాక అది ఊరుకుంటుందా అని.

మా పక్కింటి బసవయ్య నీకు తెలుసు కదా. ట్రాక్టరు కింద పడి అతని కాలు పోయి ఎన్నో ఏళ్ళయింది. ఇప్పటికీ లేని బొటనవేలు పటకారుతో లాగుతున్నట్టుందని కేకలు పెడతాడు. ఉన్న కాలు నొప్పెడితే పట్టు వెయ్యొచ్చు, తైలం రాయొచ్చు. లేని కాలికి ఎక్కడ రాస్తారు? పాపం అతను మంచం మీద ఖాళీ దుప్పటి పిసుక్కోవడం నేను కళ్ళారా చూశాను. మొదట్లో నాటకమన్నారు జనం. అలా అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

నా వ్యాపారంలో అమ్మేస్తే అమ్మేసినట్టే. అమ్మేసిన గేదె రోజూ సాయంత్రం వచ్చి మన గాట్లోనే నిలబడి కుడితి పెట్టమంటే ఎలా చెప్పు. దానికి మందుందని ఎవరైనా చెబితే నేను రేపే బస్సెక్కుతాను. లేదంటే ఈ కుళ్ళు కాలితోనే ఉంటాను. కనీసం ఎక్కడ నొప్పో కంటికి కనిపిస్తుంది.

ఇట్లు,
మీ బావ తిరుపతిరావు

తాజా కలం: మీ అక్కకు ఇది చెప్పకు. ఆమెకు నేను మూఢం వెళ్ళాక చూద్దామన్నానని చెప్పాను. మూఢం ఎప్పుడు వెళుతుందో ఆమె పంతులుగారిని అడుగుతోంది.


గవర్నర్‌పేట
18 జూలై 2025

బావగారికి,

మీ ఉత్తరం చదివి మొదట నవ్వాను, తర్వాత కొట్టు వెనక్కి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను. ఆ తర్వాత షట్టరు సగం దించి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. సర్జను దగ్గరికి కాదు. ఆ ఆసుపత్రిలోనే మత్తు డాక్టరు జ్ఞానేశ్వరి గారని ఉన్నారు. మా కొట్లో జాకెట్టు గుడ్డలు కొంటారు. ఎరుపులో ఎన్ని రకాలు చూపించినా ఓపికగా చూసే మనిషి. అలాంటివాళ్ళ మాట నమ్మొచ్చు.

బసవయ్య గారిది నాటకం కాదన్నారు ఆవిడ. కాలు పోయినా మెదడులో దాని చోటు దానికి ఉంటుందట. పోయేముందు అది చాలా రోజులు నొప్పితో అరిస్తే, ఆ అరుపు అక్కడ నిలిచిపోయే అవకాశం ఎక్కువట. అందుకని కొయ్యకముందే నొప్పిని అణచాలి. వెన్నులో సన్నటి గొట్టం పెట్టి మందు ఎక్కిస్తారు. ఆపరేషనుకు ముందు నుంచి, అప్పుడూ, తర్వాత కొన్నాళ్ళూ అది సాగాలి. ఆవిడ అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. “నొప్పి అస్సలు రాదని నేను మాట ఇవ్వలేనమ్మా. కానీ కాలు ఏడుస్తూ వెళ్ళకుండా చూడగలను. చాలామందికి అదే పెద్ద తేడా.”

నాకు వెంటనే అర్థమైంది. చీరకు ఫాల్ కుట్టేముందు ఆ గుడ్డను తడిపి ఆరెయ్యాలి. తడపకుండా కుట్టామా, మొదటి ఉతుకుకే ముడుచుకుని చీరనంతా లాగేస్తుంది. ఆ తర్వాత ఎన్ని ఇస్త్రీలు చేసినా లాభం లేదు. బసవయ్య గారికి తడపకుండా కుట్టేశారు, అంతే.

ఇంకొకటి. అద్దం వైద్యమని ఉందట. నిలువుటద్దం ఒకటి ఏసుపాదం వ్యానులో పంపుతున్నాను. రెండు కాళ్ళ మధ్యా నిలబెట్టి, అందులో కాలు కనిపించేలా కూర్చుని, రోజూ కాసేపు చూసుకుంటూ వేళ్ళు కదపాలట. మిగతాది వచ్చాక చెబుతాను, బేరం వచ్చింది.

మాణిక్యం


మైలవరం
24 జూలై 2025

మాణిక్యానికి,

నీ అద్దం వచ్చింది. దానితోపాటు కష్టాలూ వచ్చాయి.

ముందు మీ అక్క అనుమానపడింది. అరవై నాలుగేళ్ళ మొగుడికి మరదలు నిలువుటద్దం పంపడమేమిటని రెండు రోజులు ముభావంగా ఉంది. వైద్యమని చెబితే నమ్మలేదు. తర్వాత నేను దాన్ని పశువుల పాక వైపు ఆనించాను, అది నా తప్పే. మన ముర్రా గేదె అందులో ఇంకో గేదెను చూసి, తన దాణాలో వాటాకు వచ్చిందనుకుని ఆ పూట పాలు చేపలేదు. ఇప్పుడు వసారాలో పెట్టాం. వీధిలో ఆడవాళ్ళందరూ గుడికి వెళ్ళేముందు ఇక్కడ ఆగి పూలు సర్దుకుంటున్నారు.

నువ్వు రాసినట్టే కూర్చుని చూశాను. జబ్బు కాలు అద్దానికి ఎదురుగా పెట్టి వేళ్ళు కదిపాను. ఏమైందో తెలుసా? నాకు ఒక నల్లపాదం ఉండేది, ఇప్పుడు రెండు. ఉన్న నొప్పికి తోడు అవతలివాడి నొప్పి కూడా మోస్తున్నట్టనిపించింది. మూడు రోజులు ఓపిక పట్టి చూశాను. ఇది ఏ శాస్త్రమో గానీ, మీ డాక్టరమ్మకు మనమీద కోపమేమైనా ఉందేమో కనుక్కో.

అయినా వస్తాను. నలుపు మడమ దాకా వచ్చింది. ఇది నీకు మాత్రమే రాస్తున్నాను.

ఒక్క షరతు. కాలు నాకే ఇచ్చెయ్యాలి. ఎదురింటి మణెమ్మ చెప్పింది, బసవయ్య కాలిని కంగారులో వేళ్ళు ముడిచి పూడ్చారట, అందుకే అతనికా బాధట. నాది వేళ్ళు చాపి, తిన్నగా పడుకోబెట్టి పూడ్చాలి. గొట్టం మీదొకటి, గొయ్యి మీదొకటి నమ్మకం పెట్టుకుంటే నష్టమేమిటి? రెండు తాళ్ళతో కట్టిన పశువు ఎక్కడికీ పోదు.

తిరుపతిరావు


ఆసుపత్రి, విజయవాడ
4 ఆగస్టు 2025

మాణిక్యానికి,

శ్రావణమాసం రద్దీలో నువ్వు కొట్టు వదిలి రాలేవని మీ అక్క చెప్పింది. రావద్దు. వరలక్ష్మీవ్రతం ముందు జాకెట్టు గుడ్డ దొరకని ఆడవాళ్ళ ఉసురు నాకెందుకు. ఈ కాగితం నువ్వు పంపిన క్యారేజీ అడుగుగిన్నెలో పెట్టి పంపుతున్నాను. సాంబారు బాగుంది. ఉప్పు తగ్గించినందుకు నీ మీద కేసు వెయ్యొచ్చు.

అద్దం కాలు తీసేశాక వాడేదట. మంచి కాలిని అందులో చూసుకుంటూ కదిపితే, పోయిన కాలే కదులుతోందని మెదడు సంతోషిస్తుందట. డాక్టరమ్మ చెబుతుంటే నేను మీ అక్క వైపు చూశాను, మీ అక్క గోడ వైపు చూసింది. బేరం వచ్చిందని ఆ ముక్క మింగేసింది నువ్వే కదా.

ఆవిడ మంచి మనిషే గానీ తెలివితేటలు తక్కువ. పొద్దున, సాయంత్రం వచ్చి, నొప్పి పదింటిలో ఎంతని అడుగుతుంది. ఎదుటివాడు అంకె అడగ్గానే ఉన్నదున్నట్టు చెప్పేవాడిని సంతలో నిలబడనిస్తారా? రెండన్నాను. అనుమానంగా చూస్తే, పోనీలే పెద్దమనిషని మూడు చేశాను.

నేనేమీ ఊరికే అనలేదు. పక్కమంచం అతను ఎనిమిదన్నాడు, అతనికి మోకాలి పైన తీశారు. వాడి పక్కవాడు నాలుగన్నాడు, వాడికి వేళ్ళతో సరిపోయింది. లెక్క తెలియడం లేదా? అంకె పెరిగేకొద్దీ కోత పైకి జరుగుతుంది. నేను మూడు దాటను. మోకాలు దక్కించుకుంటాను. నొప్పి మూడే కాబట్టి గొట్టం అంత అవసరం లేదేమో, మాత్రలతో చూద్దామంటున్నారు. ఖర్చు కూడా కలిసొచ్చింది.

ఇక్కడ ఎలుకల బెడద ఉన్నట్టుంది. నా తువ్వాలు అంచు జానెడు మేర ఏదో కొరికేసింది. మీ అక్క నర్సుతో చెబుతానంటోంది, నేనే వద్దన్నాను.

తిరుపతిరావు


గవర్నర్‌పేట
5 ఆగస్టు 2025

బావగారికి,

కొట్లో జనం నిలబడి ఉన్నారు. అయినా కూర్చుని ఇది రాస్తున్నాను. ఆకుపచ్చ జాకెట్టు కోసం వచ్చినావిడకు నీలం ఇచ్చాను, ఆవిడ తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ తువ్వాలు కొరికింది ఎలుక కాదు. అక్కకు తెలియకపోవచ్చు గానీ నాకు తెలుసు. అరుపు బయటికి రాకుండా పళ్ళ మధ్య తువ్వాలు పెట్టుకునే మనిషి మూడు అంటే ఎవరు నమ్ముతారు?

డాక్టరమ్మకు ఫోన్ చేసి అడిగాను. కోత ఎక్కడ పెట్టాలన్నది రక్తం ఎక్కడిదాకా ఆడుతోందన్న దాన్ని బట్టి సర్జను చూసుకుంటాడట. మీ అంకెకూ దానికీ సంబంధం లేదు. మీరు పది అన్నా వంద అన్నా మోకాలు మీకే ఉంటుంది. అంకె అడిగేది మందు ఎంత కావాలో తెలియడానికి. మీరు మూడంటే మూడుకు సరిపడా మందే పడుతుంది, మిగతా నొప్పి కాలితోనే ఉండిపోతుంది. బసవయ్య గారిలా కాకూడదనే కదా ఇంతదూరం వచ్చారు. వచ్చి, ఏ దొంగను పట్టుకోవాలనుకున్నారో వాడికే తాళాలు ఇస్తున్నారు.

మీరు మారరని నాకు తెలుసు. అందుకని రేపు పొద్దున డాక్టరమ్మ ఒక తువ్వాలు తెస్తుంది. నేను నేర్పాను. నా చిన్నప్పుడు మీరు నన్నూ అక్కనూ సంతకు తీసుకెళ్ళి చూపించారు. నోటితో ఎవరేమన్నా పైపై మాటే, తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని చెప్పిన అంకె మాత్రం అసలుదని, అక్కడ అబద్ధమాడినవాడికి మళ్ళీ సంతలో నిలువనీడ ఉండదని మీరే అన్నారు.

ఆవిడ ముందు మాట పోగొట్టుకుంటారో, నిలబెట్టుకుంటారో మీ ఇష్టం. నాకు మీరు నవ్వుతూ ఇంటికి రావాలి. అంతకు మించి ఏమీ వద్దు.

మాణిక్యం


ఆసుపత్రి
7 ఆగస్టు 2025

మాణిక్యానికి,

నువ్వు చేసింది అన్యాయం. ఆ సంగతి ముందు రాసి తర్వాత మిగతాది రాస్తాను.

నిన్న పొద్దున డాక్టరమ్మ వచ్చింది. చేతిలో కొత్త తువ్వాలు, మీ కొట్టు చీటీ ఇంకా దానికే ఉంది. స్టూలు లాక్కుని కూర్చుని, ఎంతండీ అంది. మూడేనండీ అన్నాను. ఆవిడ తల ఊపి, తన చెయ్యి చాపి, దానిమీద తువ్వాలు కప్పి, ఊరికే కూర్చుంది. సంతలో ఆడవాళ్ళు ఈ పని చెయ్యరని చెప్పాను. “నేను చేస్తానండి” అంది.

వార్డంతా చూస్తోంది. మీ అక్క నోట్లో కొంగు పెట్టుకుంది. మా నాన్న ఒకసారి తువ్వాలు కింద తొందరపడి అంకె ఇచ్చి, నష్టమని తెలిసీ బంగారంలాంటి ఎడ్ల జతను తోలి పంపేశాడు. ఆయన కొడుకును నేను. ఏం చెయ్యను? చెయ్యి లోపల పెట్టాను. ఆవిడ అయిదు వేళ్ళూ పట్టుకున్నాను. వదిలి, దానికి కలిపి మళ్ళీ నాలుగు పట్టుకున్నాను. నాలుగో వేలు వదలడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

ఆవిడ పైకి ఏమీ అనలేదు. సంత మర్యాద ఎవరు నేర్పారో గానీ బాగా నేర్పారు. తువ్వాలు మడిచి నా దిండు కింద పెట్టి వెళ్ళి, తన సరంజామాతో తిరిగొచ్చింది. వెన్నులో గొట్టం పెట్టడం చీమ కుట్టినంతే.

మధ్యాహ్నానికి కాలు నోరు మూసింది.

మాణిక్యం, ఉగాది నుంచి ఆ కాలు అరుస్తూనే ఉంది. ఎంత గట్టిగా అరుస్తోందో, అది ఆగాకే నాకు తెలిసింది. ఫ్యాను చప్పుడు వినిపించింది. బయట ఆటోలు వినిపించాయి. నేను ఏడ్చాను. రాయడానికి సిగ్గేమీ లేదు. మీ అక్క నొప్పి ఎక్కువైందనుకుని నర్సును పిలుచుకొచ్చింది. తగ్గిందే అంటే, తగ్గితే ఏడుస్తారా అని నన్నే తిట్టింది. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే రకం మీ అక్క. తర్వాత తనూ కూర్చుని ఏడ్చింది.

కాలు ఇలా స్థిమితపడ్డాకే తీస్తారట, ఎల్లుండి. మోకాలు మనదే. ఇప్పుడది కడుపునిండా తాగి పడుకున్న దూడలా ఉంది. దాన్ని చూసి ఇన్నాళ్ళకు జాలేసింది. ఇంతకాలం దానిమీద కోపమే ఉండేది.

తిరుపతిరావు


గవర్నర్‌పేట
2 సెప్టెంబరు 2025

బావగారికి,

మీరు ఇంటికి వెళ్ళి రెండు వారాలైంది. ఒక్క ముక్క రాయలేదు. మీ తోడల్లుడు మాత్రం ఆపరేషను రోజు మీ కాలిని గుడ్డలో చుట్టి తీసుకెళ్ళి, మీ చేను గట్టున మణెమ్మ గారు దగ్గరుండి చెబుతుంటే వేళ్ళు చాపి తిన్నగా పడుకోబెట్టి పూడ్చి వచ్చారు. ఇప్పటికీ ఆయన అన్నం తినేటప్పుడు ఆ మాట ఎత్తనివ్వరు.

నిన్న అక్క ఫోన్ చేసింది. “కాలు వచ్చిందే” అంది. ఇంతలో గేదె తాడు తెంపుకుందని ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. అప్పటినుంచి నాకు చేతులాడటం లేదు.

వచ్చిందంటే వచ్చిందనేగా అర్థం. బసవయ్య గారికి వచ్చినట్టే వచ్చిందా? డాక్టరమ్మ రాదని మాట ఇవ్వలేదు. మీ చెయ్యి తువ్వాలు కిందకు తోసింది నేను. మీరు వద్దంటుంటే తీసుకొచ్చి కోయించింది నేను. ఇప్పుడు అక్కడ పడుకుని తువ్వాలు కొరుకుతూ, నాకు బాధ కలుగుతుందని దాచిపెడుతున్నారేమోనని నా భయం. డాక్టరమ్మను అడిగితే, ఎలాంటిది వచ్చిందో ముందు కనుక్కోమన్నారు. నొప్పయితే వెంటనే తీసుకురమ్మన్నారు, ఇంకా మందులున్నాయట.

నన్ను తిట్టాలంటే తిట్టండి. నిజం మాత్రం రాయండి. ఏసుపాదాన్ని మీ గుమ్మంలోనే నిలబెట్టి రాయండి.

మాణిక్యం


మైలవరం
3 సెప్టెంబరు 2025

మాణిక్యానికి,

ఏసుపాదం గుమ్మంలో నిలబడ్డాడు. పాలు విరిగిపోతాయని గోల పెడుతున్నాడు. అందుకని సూటిగా రాస్తాను.

కాలు వచ్చిన మాట నిజమే. శనివారం పొద్దున లేచేసరికి ఉంది. దుప్పటి ఎత్తి చూస్తే లేదు, కప్పుకుంటే ఉంది. వేళ్ళు కదిపితే కదులుతున్నాయి. ఇదిగో మొదలైంది, ఇక బసవయ్య బతుకేనని అరగంట సేపు గుడ్లు మిటకరించి ఎదురుచూశాను. పటకారు వస్తుందనుకున్నాను. రాలేదు. మధ్యాహ్నం రాలేదు. ఆదివారం కాస్త జిలపెట్టింది, అద్దం ముందు కూర్చుని మంచి కాలి వేళ్ళు కదిపితే తగ్గింది. ఇది నీ దగ్గర దాస్తే ఎక్కడ తేలుతుందో నాకు తెలుసు కనుక, ఆ జిల కూడా రాసేశాను. అంతకు మించి ఏమీ లేదు. నువ్వు ఇప్పుడైనా భోజనం చెయ్యి.

అది ఎలా ఉందంటే, వరినాట్ల కాలంలో మడిలో దిగినట్టు చల్లగా ఉంది. ఇన్ని నెలలుగా అది చల్లగా ఉండటం మర్చిపోయింది. ఎప్పటికైనా పోతుందేమో, పోదేమో తెలియదు. ఇలాగే ఉండేటట్టయితే నాకు అభ్యంతరం లేదు.

మీ అక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఆమెకు సాయంత్రం పని తెమిలాక నా మంచం చివర కూర్చుని వత్తులు చేసుకోవడం అలవాటు కదా. కాలు తీశాక అక్కడ చోటు ఎక్కువైందని ఇంకాస్త లోపలికి జరిగి కూర్చుంటోంది. నిన్న అలాగే కూర్చుంటే నేను నోరు జారి, కాలి మీద కూర్చున్నావే అన్నాను. చటుక్కున లేచి నిలబడింది. ఖాళీ దుప్పటి వైపు చూసింది, నా వైపు చూసింది.

“నొప్పెట్టిందా?” అంది.

“లేదు. బరువు తెలిసింది, అంతే.”

కింద పడ్డ వత్తులు ఏరుకుంది. తర్వాత వచ్చి మళ్ళీ అక్కడే కూర్చుంది.

మీ బావ,
తిరుపతిరావు